ఆకురాలు కాలమున పురుషుల కోటు: రంగుల పొందిక



నేటి నా ప్రసంగవిషయము వినగానే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. "పంటలు, పశువులు, చెఱువు మరమ్మతులు, ఇన్ని విషయములుండగా ఈయన కోటు రంగును గూర్చి మాటలాడుటయా?" యని మీకు తోచవచ్చును. అట్లు తోచుట తప్పుగాదు. ధోవతి, చొక్కా, భుజముమీద కండువా, వీనికి మించి మగవానికి వేఱు అలంకారము కావలెనని మన తాతలు తలపలేదు. మన యెండకు, మన పనికి ఆ దుస్తులే తగియున్నవి. కాని నేడు కృష్ణా గోదావరీ తీరముల పల్లెలనుండియు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పల్లెలనుండియు బిడ్డలు ఇంగ్లండు, స్కాట్లండు దేశములకు చదువులకై పోవుచున్నారు. చదువు ముగియగానే పట్టప్రదానోత్సవమునకు తల్లిదండ్రులను పిలుచుచున్నారు. జన్మమున నెన్నడును కోటు తొడుగని పెద్దవాడు, అరువది యేండ్లు దాటిన పిమ్మట, చలిదేశమున పదుగురి నడుమ నిలువవలసి వచ్చుచున్నది.

గడచిన యేట శ్రావణమాసమున మా గ్రామపు పెద్ద యొకరు, వరుసకు నాకు బావగారు, మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండిరి. కొంతసేపు వానల మాట, నాట్ల మాట ముచ్చటించి, తుదకు అసలు సంగతి చెప్పిరి. వారి కుమార్తె ఎడింబరో నగరమున చదువు ముగించినది. నవంబరు నెలలో పట్టము పుచ్చుకొనును. తల్లి లేని పిల్ల. కావున తండ్రియే పోవలెను.

"ఏమోయి బావా, పిల్ల చదువుకు రెండెకరములు తాకట్టుపెట్టితిని. దానికి నాకు విచారము లేదు. అక్కడ నలుగురిలో నన్ను చూచి అది తలవంచుకొనరాదు. అంతే నా కోరిక. పట్టణములో దుకాణమువాడు మూడు సూట్లు కుట్టించుకొమ్మనుచున్నాడు. నీవు ఆ దేశము చూచినవాడవు. ఏమి చేయమందువు?" అని వారు నన్నడిగిరి.

ఆనాడు నేను వారికి చెప్పిన సమాధానమే నేటి నా ప్రసంగము.

మొదట నా తెలివితక్కువ చెప్పుకొనెదను. నేను తొలిసారి ఆ దేశమునకు అక్టోబరు నెలలో పోయితిని. పోవుటకు ముందు పట్టణమున ఒక కోటు కుట్టించుకొంటిని. నిగనిగలాడు నల్లగుడ్డ, పలుచని నేత. మెడకు మెఱయుచుండు ఎఱ్ఱని టై, జేబులో అదే గుడ్డతో చేసిన రుమాలు, కాళ్ళకు తెల్లని మేజోళ్ళు. అద్దములో చూచుకొని సంతసించితిని. అక్కడికి పోయి వీథిలో నిలువగానే చలి ఎముకలలోనికి దిగెను. నన్ను చూచి ఎవరును నవ్వలేదు. ఆ దేశమువారు మర్యాద తప్పరు. కాని గోధుమరంగు, బూడిదరంగు, ముదురాకుపచ్చ దుస్తుల నడుమ నేనొక్కడను పెండ్లివారి బ్యాండుమేళములోనుండి తప్పిపోయి వచ్చినవానివలె నుంటిని. ఆ మాట నాకే తోచెను. ఒక చిన్న వీథిలో వృద్ధుడగు దర్జీ యొకడు నా కోటు చేతితో తడవి చూచి, "అయ్యా, ఇది రాత్రివిందుల రంగు, వేసవి గుడ్డ. ఇప్పుడు పగలు, పైగా ఆకులు రాలు కాలము. ఆ చెట్లను చూచి గుడ్డ యెంచుకొనుడు" అని చెప్పెను. ఆ యొక్క వాక్యములో ఈ విద్య సగము కలదు.

ఇక్కడ ఋతువును గూర్చి కొంత చెప్పవలసియున్నది. మనకు ఆకులు రాలునది శిశిరమున, మాఘ ఫాల్గుణములలో. ఆ దేశమున ఆకులు రాలునది సెప్టెంబరు మొదలు నవంబరు వఱకు, అనగా మనము ఆశ్వయుజ కార్తికములని చెప్పుకొను శరత్కాలమున. పగలు కుఱుచయగుచు చలి ముదురుకొలది ఆకులలోని పచ్చని పదార్థము విఱిగిపోవును. అంతవఱకు దాని చాటున నున్న పసుపు, నారింజ వన్నెలు అపుడు బయటపడును. కొన్ని జాతుల చెట్లలో ఎఱ్ఱని వన్నె ఆ సమయముననే క్రొత్తగా పుట్టును. కొండలన్నియు తుప్పు, తేనె, జేగురు రంగులతో నిండును. సూర్యుడు ఆకాశమున ఎత్తునకు రాడు. ఏటవాలుగా పడిన పలుచని వెలుగు, మంచు, తుంపర. అట్టి వెలుగులో మిక్కిలి ప్రకాశించు రంగులు కంటికి మోటుగా తోచును. నిదానమైన వెచ్చని రంగులు నిండుగా కనబడును. కావున ఆ కాలమున అచ్చటివారు అట్టి రంగులనే ధరించుట వేడుకకు మాత్రమే కాదు, వెలుగునుబట్టి ఏర్పడిన ఆచారము.

ఆ రంగుల ఆంగ్లనామములు వినిన మనకు బెదరు పుట్టును. కాని మన యింటిలోను, పొలములోను ఆ రంగులన్నియు నున్నవి. చింతపిక్క రంగు, వక్క రంగు, కాచు రంగు, ఇవి ముదురు గోధుమవన్నె జాతులు. ఇటుక రంగు, జేగురు రంగు, తుప్పు రంగు, ఇవి ఎఱుపు కలిసినవి. ఆవపొడి రంగు, మెంతి రంగు, తేనె రంగు, ఇవి పసుపు కలిసినవి. నేరేడుపండు రంగు, ముదురు దానిమ్మ రంగు, ఇవి టైకును మెడగుడ్డకును తగినవి. ముదురాకుపచ్చ, పాచి రంగు, బూడిద రంగు, నీలిమందు రంగు, వీనిని పై రంగులకు జోడుగా నుపయోగింపవచ్చును. దుకాణములో ఈ పేర్లు చెప్పి గుడ్డ చూపుమనుడు. వాడు మిమ్ము మోసపుచ్చలేడు.

ఇక గుడ్డ మాట. రంగుకంటె ముందు గుడ్డ బరువు చూడవలెను. కోటుగుడ్డ బరువును మీటరునకు ఇన్ని గ్రాములని లెక్కింతురు. మన వేసవికి కుట్టు ఉన్నిగుడ్డ మీటరునకు సుమారు 250 గ్రాములుండును. ఆకురాలు కాలమునకు 340 మొదలు 400 గ్రాములవఱకు నుండవలెను. ట్వీడు అనబడు మోటు ఉన్నిగుడ్డ అంతకంటె బరువుగా నుండును. లాగుకు ఫ్లానెలు మంచిది; అది పైన సన్నని నూగు గల మెత్తని ఉన్నిగుడ్డ. నూగు చలిని ఆపును, మెఱుపును అణచును. ఈ కాలపు దుస్తులకు మెఱుపు పనికిరాదు. గుడ్డను వెలుగునకు పట్టినపుడు అది నిగనిగలాడక, తడిసిన మట్టివలె వెలుగును తనలోనికి తీసికొనవలెను.

ట్వీడు కథ తెలిసికొనదగినది. స్కాట్లండునకు పడమటి సముద్రమున ఔటర్ హెబ్రిడీసు అను దీవులు గలవు. అచ్చటి ప్రజలు గొఱ్ఱెల ఉన్నితో తమ యిండ్లలోనే నేయు గుడ్డకు హారిస్ ట్వీడు అని పేరు. వారు ఉన్నిని వడికిన పిమ్మట రంగు వేయరు. వడుకుటకు ముందే రంగువేసి, వేఱువేఱు రంగుల ఉన్నిని కలిపి ఏకి, ఆ పిమ్మట నూలు తీయుదురు. కావున ఒక్కొక్క పోగులో ఎన్నియో వన్నెలుండును. దూరమునుండి చూచినవారికి అది గోధుమరంగు కోటు. దగ్గఱకు వచ్చి చూచిన అందు తుప్పు, ఆకుపచ్చ, నీలము, ఆవపొడి రంగులు అన్నియు కనబడును. పూర్వము రాళ్ళపై పెరుగు పాచివంటి మొక్కను ఉడికించి ఎఱుపు కలిసిన గోధుమరంగు తీసెడివారు. స్కాట్లండు లోపలి కొండలలో 19వ శతాబ్దమున భూస్వాములు తమ అడవి కావలివాండ్రకు ఆయా కొండల రంగునుబట్టి ప్రత్యేకముగా గుడ్డ నేయించిరి. కొండచఱియలో నిలిచిన మనిషి మృగములకు కనబడరాదని వారి యుద్దేశము. మన ఖాకీయు అట్టిదే. పారసీకమున 'ఖాక్' అనగా మట్టి.

రంగుల పొందికకు ఒక నియమము కలదు. దానిని బాగుగా పరిశీలించినవాడు షెవ్రల్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు. ఆయన 1786 మొదలు 1889 వఱకు, నూఱేండ్లకు మించి జీవించెను. పారిసు నగరమున గోబెలిన్ అను చిత్రకంబళముల కార్ఖానాలో రంగుల శాఖకు అధికారిగా నుండెను. నీలము ప్రక్కన నేసిన నల్లనూలు వెలవెలబోవుచున్నదని అక్కడ ఫిర్యాదు వచ్చెను. ఆయన పరీక్షించి, దోషము నలుపు రంగులో లేదు, ప్రక్కనున్న నీలములో నున్నదని కనుగొనెను. ఏ రంగైనను తన పొరుగు రంగునుబట్టి మాఱి కనబడునని 1839 లో ఒక గొప్ప గ్రంథము వ్రాసెను. మన స్త్రీలు ఈ గ్రంథము చదువకయే ఆ సంగతి నెఱుగుదురు. చీరె కొనునపుడు అంచును, కొంగును ఒకదానిప్రక్క నొకటి పెట్టి, గుమ్మము బయటకు తెచ్చి పగటివెలుగులో చూతురు. మగవారమును కోటుగుడ్డ అట్లే కొనవలెను. దుకాణపు దీపముల క్రింద గోధుమరంగుగా కనబడినది బయట ఊదారంగుగా తేలవచ్చును.

ఈ నియమమును మన శరీరచ్ఛాయకు అన్వయించి చూతము. మనలో పెక్కుమందిది చామనచాయ. మొగము ప్రక్కనే తళతళలాడు తెల్లచొక్కా, దానిప్రక్క కాటుకవంటి నల్లకోటు ఉన్నచో మొగమున అలసట కనబడును. మీగడరంగు చొక్కా, లేదా లేతనీలపు చొక్కా తొడిగి, చింతపిక్క రంగు కోటు వేసినచో మొగము తేటగా నుండును. మీ శరీరచ్ఛాయతో సరిగా కలిసిపోవు గోధుమరంగును మాత్రము ఎంచుకొనరాదు. అంతకంటె రెండుపాళ్ళు ముదురైనది గాని, లేతది గాని ఉండవలెను. జుట్టు నెఱసినవారికి బూడిదరంగు లాగు మిక్కిలి తగును; దేవుడిచ్చిన రంగుతో దర్జీ రంగు జోడగును.

ఇక కోటుకు తోడుగా నుండు చిన్న వస్తువులు. ఇవి చిన్నవైనను పొరపాట్లు ఎక్కువ వీనియందే జరుగును.

టై ఉన్నితోగాని, అల్లికపట్టుతోగాని చేసినది కావలెను. మోటు ట్వీడుపైన నున్నని మెఱుపు పట్టు కట్టుట గోనెసంచికి జరీ అంచు కుట్టినట్లుండును. టై రంగు నేరేడుపండు గాని, ముదురాకుపచ్చ గాని, ఇటుక రంగు గాని కావచ్చును. కోటుపై గళ్ళున్నచో టై సాదాగా నుండవలెను. కోటు సాదా యైనచో టైపై చిన్న చుక్కలో చారలో ఉండవచ్చును. ఒకచోట మాట, ఒకచోట మౌనము, ఇదియే లెక్క.

జేబురుమాలు టై గుడ్డతో చేసినది కారాదు. నేను చేసిన మొదటి తప్పు అదియే. టైలో నున్న రంగులలో ఒకటి రుమాలులో ఎక్కడనో తొంగిచూచిన చాలును. ఏమియు తోచనిచో మీగడరంగు నూలురుమాలు మడచి పెట్టుకొనుడు. ఎన్నడును తప్పు కాదు.

బూట్లును బెల్టును ఒకే రంగున నుండవలెను. గోధుమరంగు కోటుకు కాచు రంగు తోలుబూట్లు తగును. పూర్వము లండను పట్టణములో గోధుమరంగు బూట్లు తొడుగుట మర్యాద కాదని ఒక నియమముండెడిది. అవి పల్లెలకే పరిమితము. నేడు ఆ పట్టుదల చాలవఱకు సడలినది. మేజోళ్ళు లాగు రంగునకు దగ్గఱగా, పిక్క సగమువఱకు వచ్చునవిగా నుండవలెను. కూర్చున్నపుడు కాలు బయటపడిన చూచుటకు బాగుండదు, చలికిని మంచిది కాదు. కోటు చేతి చివర చొక్కా అంచు అంగుళములో సగము కనబడవలెను. కోటు కడపటి బొత్తాము పెట్టుకొనరాదు. ఇది అచ్చటి ఆచారము. ఉన్నిచేతితొడుగులు, గొడుగు తప్పనిసరి.

ఈ సంగతులన్నియు చెప్పిన పిమ్మట బావగారితో నేనిట్లంటిని: "బావగారూ, మూడు సూట్లు మీకు అక్కఱలేదు. ఒక ట్వీడు కోటు, రెండు ఫ్లానెలు లాగులు, మూడు చొక్కాలు, ఒక టై, ఒక జత బూట్లు. చింతపిక్క రంగు కోటు, ఒక లాగు బూడిదరంగు, ఒకటి పాచి రంగు. ఇవి ఒకదానితో నొకటి కలియును గనుక పది దినములు గడచును. తాకట్టు భూమిమీద వడ్డీ పెరుగుచుండగా దుకాణమువానికి దోసిలి విప్పకుడు. కుట్టుకూలి దగ్గఱ మాత్రము పిసినితనము చేయకుడు. భుజము సరిగా కుదరని కోటు ఎంత వెలపెట్టినను ఎరవుసొమ్ముగానే కనబడును. ఒకసారి తొడిగి చూచి, దిద్దించి, మఱల తొడిగి చూచుడు. కుట్లలో రెండంగుళముల గుడ్డ లోపల విడువుమనుడు. మీ తరువాత మీ అల్లుడును తొడుగుకొనవచ్చును."

వారు నవ్వి, "అంతయు బాగుగనే యున్నది. మెడకు చలివేయునే?" అని యడిగిరి. నేను మీ యింటిలో పాత పెట్టె యున్నది గదా, చూడుడంటిని. ఎందుకనగా, వారి తండ్రిగారు చీరాల తేలియా రుమాలు తలకు చుట్టుకొనుట నేను చిన్ననాడు చూచియుంటిని.

చీరాల రుమాలు సంగతి మీలో పెద్దవారెఱుగుదురు. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదనీటితోను పలుమాఱులు నానబెట్టి, ఎండబెట్టి, ముడులుకట్టి, రంగులలో ముంచి నేసెడివారు. ఎఱుపు, నలుపు, తెలుపు ఈ మూడే దాని రంగులు. నూనె వాసన దానిని వదలదు. కావుననే ఆ పేరు. ఒకనాడు ఓడలమీద అరబ్బు దేశములకు పోయిన సరకు అది. ఆ ముదురెఱుపు, వయస్సు మీఱినకొలది ఇటుకరంగునకు తిరుగును. ఆకురాలు కాలపు కొండలకు అంతకంటె సరియైన రంగు లేదు. జేబులో పెట్టుటకు అది మిక్కిలి పెద్దది, లావుగా నుబ్బును. మెడచుట్టు మడచి, కోటు లోపలికి దోపినచో చలి యాగును, కంటికి నిండుగా నుండును.

పెద్దలారా, ఇచ్చట నా మనస్సునకు తగిలిన సంగతి యొకటి మనవి చేయుదును. ఆ దీవుల నేతగాండ్రు సంఖ్యలో స్వల్పులు. వారి గుడ్డకు నకళ్ళు బయలుదేఱగా 1909 లో సంఘముగా ఏర్పడి, తమ గుడ్డపై గోళపు ముద్ర వేయించుకొనిరి. 1993 లో బ్రిటిషు పార్లమెంటు ప్రత్యేకముగా శాసనము చేసినది. ఆ దీవులలో రంగువేసి, వడికి, దీవులవారు తమ యిండ్లలో చేతిమగ్గముపై నేసిన గుడ్డకే హారిస్ ట్వీడు అను పేరు చెల్లును. ఆ దేశపు పెద్దమనుష్యులు ఆ గుడ్డను తొడుగుటచేత ఆ మగ్గములు నిలిచినవి. మన తేలియా రుమాలుకును 2020 లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేతగాండ్రు ఆ విద్యను నిలుపుచున్నారు. కాని చీరాలలో ఆ పని చేయు చేతులు మిక్కిలి తగ్గిపోయినవి. ముద్ర శాసనము ఇచ్చును. తొడుగువాడు లేనిచో మగ్గము ఆడదు. విదేశపు కోటు కుట్టించుకొను మనము మెడకు మన నేతగాని గుడ్డ యొకటి చుట్టుకొనిన తప్పేమి?

మఱియొక మాట. కోటు తొడుగుట యిష్టము లేనివారు తొడుగనక్కఱలేదు. 1936 మొదలు 1952 వఱకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠము నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తెల్లని తలపాగాతో, మెడవఱకు బొత్తాములు గల పొడుగుకోటుతో లోకమునకు పరిచితులు. మన పద్ధతి కోటైనను గుడ్డ బరువు, రంగు, కుట్టు చూచుకొనవలసినదే. దేశమేదైనను ఋతువునకు మర్యాద చేయుట మన మర్యాద.

తిరిగి వచ్చిన పిమ్మట ఆ కోటును ఏమి చేయవలెను? ఉన్నిని తినునది చిమ్మటపురుగు. అది మురికి, చెమట గల గుడ్డను ముందు పట్టును. కావున కోటును బాగుగా దులిపి, బ్రష్షుతో రుద్ది, నీడలో గాలికి ఆరవేసి, పాతచీరెలో చుట్టి, వేపాకులు నడుమ నుంచి పెట్టెలో పెట్టవలెను. నెలకొకమాఱు తీసి చూడవలెను. ఇస్త్రీ పెట్టె నేరుగా ఉన్నిపై పెట్టరాదు, తడిగుడ్డ అడ్డముంచవలెను. ఇట్లు కాపాడిన కోటు ఇరువది యేండ్లు మన్నును.

బావగారు డిసెంబరులో తిరిగి వచ్చిరి. మా అరుగుమీదనే కూర్చుండి ప్రయాణపు ముచ్చటలు చెప్పిరి. ఉత్సవము ముగిసిన పిమ్మట బయట మెట్లమీద చలిగాలి వీచుచుండగా కుమార్తె దగ్గఱకు వచ్చి, మెడలోని రుమాలు ముట్టుకొని, "నాన్నా, తాతయ్య వాసన వచ్చుచున్నది" అని, తండ్రి భుజముపై తల ఆనించి యేడ్చినదట. ప్రక్కనున్న సహాధ్యాయులు ఆ గుడ్డ ఎక్కడిదని యడుగగా, చీరాల ఎక్కడనున్నదో, ఆ నూలును ఎట్లు నానబెట్టుదురో ఆమెయే వారికి చెప్పినదట. కోటు మాట ఎవరును అడుగలేదని బావగారు కొంచెము చిన్నబోయిరి. "బావగారూ, ఎవరును అడుగకుండుటయే కోటు కుదిరినదనుటకు గుర్తు" అని నేనంటిని.

రెండెకరముల తాకట్టు ఇంకను విడువలేదు. ఆ అమ్మాయికి ఉద్యోగము దొరకినది. ఈ సంక్రాంతికి మొదటి కంతు పంపెదనని వ్రాసినది. బావగారి కోటు వేపాకుల నడుమ పెట్టెలో నున్నది. రుమాలు మాత్రము పెట్టెలో లేదు. అది వారి భుజముమీదనే యున్నది.